ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఏం కొనాలి: వాచీనా, కెమెరానా, మామూలు బెల్లు చాలా?

"అమ్మ ఒక్కతే ఉంటోందన్నా, పడితే చెప్పే వాచీలు వచ్చాయంట కదా, ఏది కొనమంటావ్?" అని అడిగేవాళ్ళు మా నెల్లూరులో వీధికొకరు ఉన్నారు. పిల్లలు చెన్నైలోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉంటారు. పెద్దవాళ్ళు ఇక్కడ వేదాయపాళెంలోనో కోవూరులోనో బుచ్చిలోనో, ప్రకాశం వైపైతే టంగుటూరు, సింగరాయకొండల్లోనో ఉంటారు. రమ్మంటే రారు, వచ్చినా నెల తిరక్కముందే పినాకిని రైలుకి టికెట్టు తీయమంటారు.

అడిగినవాళ్ళని నేను ముందు ఒకటే అడుగుతా. అమ్మ పడిందని మీ ఫోన్ మోగింది, సరే, పది నిమిషాల్లో ఆ ఇంటికి వెళ్ళేది ఎవరు? పేరు చెప్పండి. చెన్నై నుంచి కారేసుకుని ఉన్నపళాన బయల్దేరినా మూడు గంటలు పైనే పడుతుంది, డల్లాస్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పేరు లేకుండా ముప్పై వేల వాచీ కొంటే అది మిమ్మల్ని అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టి టెన్షన్ పెట్టడానికే పనికొస్తుంది. పేరు దొరికితే మాత్రం సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఆ మనిషి గోడ అవతల ఉన్నాడా, నాలుగు వీధుల అవతల ఉన్నాడా, అసలు ఊళ్ళోనే లేడా అన్న దాన్ని బట్టే ఏం కొనాలో తేలుతుంది. బ్రాండు గురించి కొట్టుకోవడం ఆ తర్వాత.

మనిషి గోడ అవతలే ఉంటే

మన వైపు ఇళ్ళల్లో చాలా చోట్ల కింద పెద్దవాళ్ళు, పైన మిద్దె మీద అద్దెకున్నవాళ్ళు. లేదా వెనక పోర్షన్లో ఒక కుటుంబం. పల్లెల్లో అయితే పక్కిల్లు బాబాయి వాళ్ళదో మేనమామ వాళ్ళదో అయ్యుంటుంది. ఇలాంటి ఇంటికి నేను చెప్పే మొదటి వస్తువు వైర్‌లెస్ కాలింగ్ బెల్. ఎలక్ట్రికల్ షాపులో ఐదొందల నుంచి వెయ్యి లోపు దొరుకుతుంది. బటన్ మీ అమ్మ దగ్గర, మోగే డబ్బా పైనింట్లో ప్లగ్గులో. వై-ఫై వద్దు, సిమ్ వద్దు, యాప్ వద్దు, పాస్‌వర్డ్ వద్దు, నెల నెలా రీఛార్జి వద్దు. ఇంత చవక వస్తువా అని పిల్లలు పెదవి విరుస్తారు, కానీ నా లెక్కలో ఆ ఇంటికి దీన్ని మించింది లేదు.

అయితే బిగించే పద్ధతిలోనే అంతా ఉంది. బాత్రూంలో ఈ బటన్‌ని చాలామంది స్విచ్‌బోర్డు ఎత్తులో, అంటే నిలబడ్డ మనిషి చెయ్యి అందే చోట అంటిస్తారు. పడిపోయిన మనిషికి ఆ ఎత్తు అందితే ఇక బటన్ దేనికి! నేలకి ఒక జానెడు పైన అంటించాలి, అదీ కమోడ్ పక్క గోడకి, తలుపు వైపు కాదు. మంచం దగ్గర ఇంకో బటన్, అది కూడా కిందే. ఒకే డబ్బాకి రెండు బటన్లు, రెండు వేర్వేరు ట్యూన్లు పెట్టుకునే సెట్లు దొరుకుతాయి, బాత్రూంకి ఒక ట్యూను, మంచానికి ఒక ట్యూను పెడితే పైనున్నవాళ్ళు మెట్లు దిగుతూనే ఎటు పరుగెత్తాలో తెలుసుకుంటారు. పాత ఇళ్ళల్లో బాత్రూం వెనక దొడ్లో విడిగా ఉంటుంది కదా, అక్కడ నుంచి బెల్లు అందుతుందో లేదో కొన్న రోజే చూసుకోండి, అట్ట పెట్టె మీద వంద మీటర్లు అని రాసుంటుంది గానీ అది ఖాళీ మైదానంలో లెక్క, రెండు లావు గోడలు అడ్డొస్తే అందులో పావు వంతు వచ్చినా గొప్పే.

బ్యాటరీ లేకుండా పనిచేసే బటన్లు కూడా ఉన్నాయి, నొక్కిన బలంతోనే కరెంటు పుట్టించుకుంటాయి. బ్యాటరీ మార్చే బాధ లేదు, కానీ గట్టిగా నొక్కాలి. కీళ్ళవాతం ఉన్న చేతులకి, పక్షవాతం వచ్చి తగ్గిన చేతులకి అది కష్టం. వాళ్ళకి బ్యాటరీ బటనే తీసుకుని, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు బ్యాటరీ మార్చేసి పోవడం మేలు.

దీని లోపం ఒకటే. మనిషికి స్పృహ లేకపోతే బటన్ నొక్కలేదు. వాచీ అక్కడే ముందుంటుంది.

వాచీల సంగతి

పడితే కనిపెట్టే వాచీ అనగానే ఆన్‌లైన్లో రెండు వేలకి దొరికేవన్నీ కళ్ళ ముందు తిరుగుతాయి. వాటిల్లో చాలావాటికి ఆ సంగతే లేదు, అడుగులు లెక్కపెట్టి, ఫోనొస్తే వణికి ఊరుకుంటాయి. ఆపిల్ వాచీలో ఈ సదుపాయం 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి ఉంది, తక్కువ ధర ఎస్‌ఈలో కూడా ఉంది. గట్టిగా పడినట్టు అనిపిస్తే చేతి మీద తట్టి, మోగి, బాగానే ఉన్నారా అని అడుగుతుంది. సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే తనే ఎమర్జెన్సీ నంబరుకి కాల్ చేసి, మనం పెట్టిన నంబర్లకి లొకేషన్ మెసేజ్ పంపుతుంది. వయసు 55 దాటినట్టు అందులో నమోదు చేస్తే ఇది దానంతటదే ఆన్ అవుతుంది, వయసు తప్పు వేస్తే కాదు, కాబట్టి సెటప్ చేసేటప్పుడు పుట్టిన తేదీ తొందరలో ఏదో ఒకటి కొట్టెయ్యకండి. సామ్‌సంగ్ గెలాక్సీ వాచీల్లోనూ ఇలాంటిది ఉంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆన్ అయిందో లేదో చూసుకోవాలి. ఆపిల్ దానికి ఐఫోన్ కావాలి, సామ్‌సంగ్ దానికి ఆండ్రాయిడ్. ఇంట్లో ఫోన్ ఏదుందో అది చూశాకే వాచీ.

కంపెనీలే ఒప్పుకునే మాట ఇంకోటుంది, అన్ని రకాల పడటాలూ ఇది పట్టుకోలేదు. పెద్దవాళ్ళు చాలాసార్లు ధబేల్‌మని పడరు. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడతారు, మంచం మీద నుంచి దిగబోయి దుప్పటితో సహా కిందికి జారతారు. అలాంటివి వాచీకి కూర్చున్నట్టే కనిపిస్తాయి. అందుకని వాచీ ఉంది కదా అని బెల్లు తీసెయ్యడం మాత్రం వద్దు.

అసలు గొడవ ఛార్జింగ్ దగ్గర మొదలవుతుంది. ఇలాంటి వాచీల్లో ఎక్కువ భాగం రోజుకో, రెండు రోజులకో ఒకసారి ఛార్జింగ్ అడుగుతాయి. మా పక్కింటాయన పొద్దున్నే స్నానానికి పోతూ తీసి ఫ్రిజ్ మీద పెడతాడు, నీళ్ళు పడితే పాడవుతుందని భయం, అది నీళ్ళకి తట్టుకుంటుందని ఎన్నిసార్లు చెప్పినా "ముప్పై వేలు పోసి కొన్నాడ్రా మా వాడు" అంటాడు. అంటే పడే అవకాశం ఎక్కువున్న ఆ పావుగంటే వాచీ ఫ్రిజ్ మీద ఉంటుందన్నమాట. ధర వెయ్యి రూపాయలే అని చెప్పి ఇచ్చి ఉంటే బాత్రూంలోకీ పెట్టుకుపోయేవాడని నా అనుమానం. ఇక ఆడవాళ్ళ సంగతి వేరే, గాజుల మధ్య ఆ నల్ల పట్టీ వాళ్ళకి నచ్చదు, పేరంటానికో గుడికో పోయేటప్పుడు మొదట తీసి పక్కన పెట్టేది దాన్నే. కొనే ముందు ఆమె చేతికి ఓ పాత మామూలు వాచీ పెట్టి ఒక వారం చూడండి. అదే పెట్టుకోకపోతే ఇది అస్సలు పెట్టుకోదు.

మెడలో వేసుకునే ఎస్‌ఓఎస్ (ఆపదలో నొక్కే బటన్) లాకెట్లు, సిమ్ వేసే జీపీఎస్ వాచీలు ఇంకో రకం. ఇవి ఫోన్ అక్కర్లేకుండా వాటంతట అవే కాల్ చేస్తాయి, మాట్లాడొచ్చు కూడా. కానీ చవకవాటిల్లో చాలా వరకు పాత 2జీ నెట్‌వర్క్ మీద నడుస్తాయి. జియోకి 2జీ అన్నదే లేదు, అంతా 4జీ, 5జీనే, కాబట్టి ఇంట్లో పడున్న జియో సిమ్ అందులో వేస్తే అది ప్రాణం లేని బొమ్మే. కొనేటప్పుడు 4జీ, వోల్టే (4జీ మీదే మాట్లాడే ఏర్పాటు) అని రాసుందో లేదో చూసి, మీ ఊళ్ళో ఇంటి లోపలి గదిలో ఏ నెట్‌వర్క్ నాలుగు గీతలు చూపిస్తుందో దాని సిమ్ వెయ్యండి. ఉదయగిరి వైపు, కనిగిరి వైపు ఊళ్ళల్లో ఇది ముఖ్యంగా చూసుకోవాల్సిన విషయం, వీధిలో సిగ్నల్ ఉండి నట్టింట్లో లేని ఇళ్ళు ఎన్నో.

మనిషి నాలుగు వీధుల అవతల ఉంటే ఫోనే మేలు

ఇక్కడ బెల్లు అందదు, ఫోనే కావాలి. చాలామందికి తెలియనిది ఏందంటే, కొత్తగా ఏమీ కొనక్కర్లేకుండా ఉన్న ఫోన్లోనే ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది. 2016లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్లో ప్యానిక్ బటన్ ఉండాలి, బటన్ల ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోన్లో పవర్ బటన్ వెంట వెంటనే మూడుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ నంబరు 112కి పోతుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా ఐదుసార్లు, సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ అని ఉంటుంది, అక్కడే ఇంటివాళ్ళ నంబర్లు కూడా ఎక్కించాలి. ఐఫోన్లో కూడా పక్క బటన్‌ని ఐదుసార్లు నొక్కేలా పెట్టుకోవచ్చు.

స్మార్ట్‌ఫోనా, బటన్ల ఫోనా అంటే, వయసు కన్నా అలవాటు చూడాలి. ఇప్పటికే వాట్సాప్‌లో గుడ్‌మార్నింగులు పంపే మనిషికి స్మార్ట్‌ఫోన్ లాక్కుని బటన్ల ఫోన్ ఇస్తే అవమానంలా ఉంటుంది. చూపు మందగించి, వేళ్ళు వణికే మనిషికి మాత్రం వెనక ఎస్‌ఓఎస్ బటన్ ఉండే పెద్ద అంకెల ఫోన్ హాయి, వెయ్యి నుంచి రెండున్నర వేలల్లో వస్తుంది, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. ఆ బటన్ నొక్కితే వరసగా నాలుగైదు నంబర్లకి తిరుగుతుంది. వరసలో మొదటి నంబరు మీది వద్దు. నాలుగు వీధుల అవతల ఉన్న మేనల్లుడిదో, రోజూ పాలు పోసే అతనిదో, మందుల షాపు అతనిదో పెట్టండి, మీది చివర్లో. పిల్లలకి ఇది మింగుడు పడదు గానీ, మీరు ఫోనెత్తి మళ్ళీ ఆ మేనల్లుడికే కదా చేసేది, ఆ రెండు నిమిషాలు దేనికి పోగొట్టుకోవడం.

రీఛార్జి సంగతి మరిచిపోవద్దు, గడువు అయిపోయి అవుట్‌గోయింగ్ ఆగిపోయిన ఫోన్లో బంధువులకి కాల్ పోదు. డేటా వాడని పెద్దవాళ్ళకి మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఫోన్ కంపెనీలకి చెప్పింది, వాటి గడువు 365 రోజుల దాకా పెట్టుకోవడానికి వీలిచ్చింది. అలాంటి పొడుగు ప్యాక్ ఒకటి వేసి పడేస్తే నెల నెలా గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

గూగుల్ అసిస్టెంటుకీ జెమినైకీ తెలుగు వచ్చు, చదువు రాని అవ్వ కూడా ఫోన్‌తో మాట్లాడి కాల్ చేయించుకోవచ్చు. అదే అలెక్సా స్పీకరుకి మన దేశంలో ఇంగ్లీషు, హిందీ మాత్రమే వచ్చు, ఆ ముక్క చూసుకోకుండా కొని ఇచ్చినవాళ్ళు చాలామంది. "అలెక్సా, ప్లే ఘంటసాల సాంగ్స్" అనే నాలుగు మాటలు మాత్రం మా వీధి పెద్దాయనలు బాగానే నేర్చుకున్నారు. స్పీకర్‌లో నిజంగా పనికొచ్చేది డ్రాప్ ఇన్, మీరు అక్కడ నుంచి పిలిస్తే వాళ్ళు ఏమీ నొక్కకుండానే మాట కలుస్తుంది, స్క్రీన్ ఉన్నదైతే ముఖమూ కనిపిస్తుంది. చేతులు వణికేవాళ్ళకి, మంచం మీద ఉన్నవాళ్ళకి ఇది వరం. అయితే దీన్ని ఎమర్జెన్సీ పరికరం అనుకోవద్దు, 108కో 112కో అది కాల్ చెయ్యదు, కరెంటు పోతే నోరు మూసుకుంటుంది.

కెమెరా మీద నా గొంతు కొంచెం పెద్దదవుతుంది

పిల్లలకి అన్నింటికన్నా ఇష్టమైంది కెమెరా, పెద్దవాళ్ళకి అన్నింటికన్నా కష్టమైంది కూడా అదే. పదిహేను వందల నుంచి మూడు వేలకి వై-ఫై కెమెరా వస్తుంది, తిరుగుతుంది, రాత్రి కనిపిస్తుంది, అందులోంచి మాట్లాడొచ్చు. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి పెట్టేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందంటే, అమ్మ సొంత ఇంట్లో నైటీ మీద తువ్వాలు కప్పుకుని తిరుగుతుంది, నాన్న చొక్కా విప్పి ఫ్యాను కింద పడుకోవడానికి మొహమాటపడతాడు, అదీ నెల్లూరు మే నెల ఎండల్లో. "ఏందమ్మా ఇంకా అన్నం తిన్లేదు" అని కెమెరాలోంచి గొంతు వినిపిస్తే ప్రేమగా ఉంటుందని మీరనుకుంటారు. కొన్నాళ్ళకి దాని మీద ఓ గుడ్డ పడుతుంది, అడిగితే దుమ్ము పడుతోందని కప్పా అంటారు.

ఇంకో మాట, పడే భయం ఎక్కువున్న చోటు బాత్రూం. అక్కడ కెమెరా పెట్టలేరు, పెట్టకూడదు. పైగా కెమెరా చూపిస్తుందే గానీ మీరు చూడాలి కదా, ఇరవైనాలుగు గంటలూ ఎవరు చూస్తారు?

దానికి బదులు నేను చెప్పేది డోర్ సెన్సర్, లేదా గదిలో కదలికని పట్టే మోషన్ సెన్సర్. డోర్ సెన్సర్ అంటే రెండు చిన్న ముక్కలు, ఒకటి తలుపుకి, ఒకటి చట్రానికి. తలుపు తెరిస్తే మీ ఫోన్‌కి కబురు. వెనక తలుపుకో, ఫ్రిజ్‌కో, పూజ గది తలుపుకో పెట్టండి, రోజూ తప్పకుండా తెరిచేది ఏదుంటే దానికి. మీ అమ్మ రోజూ ఐదున్నరకి లేచి వెనక తలుపు తీసి కల్లాపి చల్లే మనిషి అయితే, ఏడు దాటినా ఆ తలుపు తెరుచుకోలేదంటే ఫోన్ చెయ్యాల్సిన టైమని అర్థం. ఇందులో ఆమె బొమ్మ లేదు, మాట లేదు, ఆమె నేర్చుకోవాల్సింది, పెట్టుకోవాల్సింది, ఛార్జ్ చెయ్యాల్సింది ఏమీ లేదు. నాకు అన్నింట్లోకీ నచ్చింది ఇదే. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి, కొన్ని నేరుగా వై-ఫైకి కలుస్తాయి, కొన్ని జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతివి, వాటికి హబ్ అని ఇంకో డబ్బా కావాలి. ఒకటి రెండే కావాలంటే వై-ఫైవి చాలు, ఇల్లంతా పెట్టాలంటే హబ్ ఉన్నవి మేలు, వాటి బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. ఫలానా టైముదాకా తెరవకపోతే చెప్పు అనే ఏర్పాటు ఆ యాప్‌లో ఉందో లేదో కూడా అడగండి, కొన్నింట్లో తెరిచినప్పుడు చెప్పడమే ఉంటుంది, అప్పుడు రోజూ మీరే గుర్తు పెట్టుకుని చూడాలి.

కెమెరా పెట్టి తీరాలంటే వీధి గుమ్మం బయట ఒకటి పెట్టండి, వచ్చీపోయేవాళ్ళు కనిపిస్తారు, పెద్దవాళ్ళకీ అభ్యంతరం ఉండదు. లోపల పెట్టేదైతే వాళ్ళతో చెప్పి, ఎక్కడ పెట్టాలో వాళ్ళనే చూపించమనండి, వాళ్ళే ఆపుకునేలా స్విచ్ ఉన్న ప్లగ్గులో పెట్టండి. మంచంలో ఉన్న మనిషి, మతిమరుపు జబ్బు ముదిరిన మనిషి అయితే లెక్క మారుతుంది, చూసుకునే ఆయాని కనిపెట్టి ఉండటానికైనా లోపల కెమెరా అవసరం పడొచ్చు. చవక కెమెరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకే కలుస్తాయి, 5కి కలవవు, కలవట్లేదని షాపు చుట్టూ తిరిగే ముందు ఫోన్‌లో అది చూసుకోండి. పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాలి, ఫిట్టింగ్ చేసిన కుర్రాడి ఫోన్లో మీ ఇంటి కెమెరా అలాగే ఉండిపోకుండా తీయించాలి. ఇది మరిచిపోయే ఇళ్ళే ఎక్కువ.

కరెంటు పోతే

మన రెండు జిల్లాలూ సముద్రం ఒడ్డున ఉన్నాయి, కార్తీక మాసం అంటే దీపాలతో పాటు తుఫాన్లు కూడా. 2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే దెబ్బతిన్నాయి, కోవూరు వైపు హైవే ఆగిపోయింది, హైదరాబాద్ నుంచి వద్దామనుకున్న పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా ఇటు నెల్లూరు నుంచి అటు ఒంగోలు దాకా వానా గాలీ వాయించేశాయి. మనం కొన్న పరికరం అక్కరకొచ్చేది అలాంటి రోజునే, కాబట్టి పోల్చేటప్పుడు ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి: కరెంటు, ఇంటర్నెట్ రెండూ పోతే ఇది ఏం చేస్తుంది?

కెమెరా, స్పీకర్, వై-ఫై సెన్సర్ మూడూ ఆగిపోతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ దానికి కలపకుండా వదిలేసే ఇళ్ళున్నాయి, అది చూడండి. లేకపోతే రౌటర్‌కని చిన్న యూపీఎస్‌లు వెయ్యి, పదిహేను వందలకి వస్తాయి, నాలుగు గంటలు లాగుతాయి. అయినా కేబులతని దగ్గరే కరెంటు లేకపోతే మీ యూపీఎస్ వెలిగినా నెట్ రాదు. ప్లగ్గులో పెట్టే బెల్లు డబ్బా కూడా పైనింట్లో ఇన్వర్టర్ లేకపోతే మూగబోతుంది, ఆ డబ్బా కూడా బ్యాటరీ మీద నడిచే రకం దొరుకుతుంది, మీ వీధిలో కరెంటు తరచూ పోతుంటే అదే తీసుకోండి. చివరిదాకా నిలబడేది బటన్ల ఫోన్, అదీ టవర్ బతికున్నంతసేపు. తుఫాను హెచ్చరిక రాగానే యాప్ తెరిచి కూర్చోవడం కాకుండా, ఆ పది నిమిషాల మనిషికి ఫోన్ చేసి పొద్దునా సాయంత్రం ఒకసారి ఇంట్లోకి తొంగి చూడమని చెప్పండి.

మనిషే లేకపోతే

ఇది కష్టమైన లెక్క. అపార్టుమెంటు అయితే వాచ్‌మన్, లేదా సెక్యూరిటీ గదికి ఇంటర్‌కమ్, అవి ఉంటే బెల్లు లెక్కే. విడి ఇల్లు, పక్కన ఖాళీ స్థలాలు, ఊరికి కొత్త, అలాంటి చోట నెల నెలా డబ్బు కట్టే పెద్దల సంరక్షణ సర్వీసులు గుర్తొస్తాయి. బటన్ నొక్కితే వాళ్ళ కాల్ సెంటర్ మాట్లాడి అంబులెన్స్ పంపుతుందంటారు. హైదరాబాద్, చెన్నైలో ఇవి పనికొస్తున్నాయేమో గానీ, కట్టే ముందు ఒకటే అడగండి: నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ మీ మనిషి ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎన్ని నిమిషాల్లో వస్తారు, రాత్రి రెండింటికైనా వస్తారా? "టై-అప్ ఉంది సార్" అంటే వాళ్ళూ 108కే ఫోన్ చేస్తారని అర్థం, ఆ నంబరు మనకీ తెలుసు, ఉచితం కూడా. నాకు తెలిసిన ఒకాయన ఏడాది చందా ముందే కట్టేశాడు, తీరా అవసరం పడ్డప్పుడు కాల్ సెంటర్ అమ్మాయి ఇంగ్లీషులో పిన్‌కోడ్ అడుగుతూ కూర్చుంది. ఆ డబ్బుతో వీధిలో ఒక మనిషికి నెలకింత అని ఇచ్చి రెండు పూటలా పలకరించి వెళ్ళమని చెబితే ఎక్కువ పని జరుగుతుంది. 14567 ఎల్డర్‌లైన్ కూడా ఉంది, కేంద్రం నడిపే పెద్దల హెల్ప్‌లైను, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. పింఛను సంగతులు, ఇంట్లో వేధింపులు, సలహాలు, వీటికి బాగుంటుంది, పడిపోయినప్పుడు చేసే నంబరు మాత్రం కాదు.

మతిమరుపుతో ఇల్లు దాటి పోయే మనిషి ఉంటే పైన చెప్పిన వరసంతా పక్కన పెట్టి ముందు సిమ్ ఉన్న జీపీఎస్ పరికరం, గేటుకి సెన్సర్. దానితో పాటు చొక్కా జేబులో ఫోన్ నంబర్ రాసిన కార్డు.

ఆరోగ్యం చూసే పరికరాల్లో బీపీ మిషన్ ఒక్కటే నేను గట్టిగా చెబుతా, అదీ జబ్బకి పట్టీ చుట్టేది. వాచీ చూపించే బీపీ అంకె చూసి మాత్ర ఆపడం, రెండోది వేసుకోవడం లాంటివి చెయ్యొద్దు. బ్లూటూత్ ఉన్నది కొంటే అంకెలు ఫోన్లో నిలుస్తాయి, లేకపోయినా ఓ నోట్‌బుక్కు చాలు. మందుల డబ్బా కూడా అంతే, వారానికి ఏడు గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా, ఫోన్లో రెండు అలారాలు. మాటలు చెప్పే స్మార్ట్ డబ్బాలకి పెట్టే ఖర్చు నాకు దండగ అనిపిస్తుంది.

స్మార్ట్‌ఫోన్ ఇస్తే మోసగాళ్ళ ఫోన్లు కూడా దానితోనే వస్తాయి, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లోనే డిజిటల్ అరెస్టు అని బెదిరించేవాళ్ళకి ఒంటరి పెద్దవాళ్ళే ఎర. దూరం నుంచి స్క్రీన్ చూసే యాప్ మీరే వేసి "ఎవరైనా కోడ్ అడిగితే చెప్పమ్మా" అని అలవాటు చేశారంటే రేపు ఇంకెవరు అడిగినా చెబుతుంది. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్లో ఆ యాప్ వద్దు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి చెయ్యాలి, ఆ నంబరు ఫ్రిజ్ మీద అతికించండి.

ఇక ఆఖరున, ఎవరూ కొనని వస్తువు. బెల్లు మోగింది, పైనవాళ్ళు పరుగున దిగారు, గ్రిల్ గేటుకి లోపల్నుంచి తాళం, తలుపుకి గడియ, బాత్రూంకి ఇంకో గడియ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు చీకటి పడగానే చేసే మొదటి పని ఇదే, వాళ్ళని తప్పు పట్టలేం, దొంగల భయం వాళ్ళది. స్మార్ట్ లాక్ పెడదామంటే అది చెక్క తలుపుకి సరే, ఎనిమిది వేలు పైన అవుతుంది, గ్రిల్‌కి వేసే తాళంకప్పకి దానితో పనే లేదు. గ్రిల్ తాళానికి డూప్లికేట్ చెవి చేయించి ఆ పది నిమిషాల మనిషికివ్వండి. పెద్ద తలుపుకి రాత్రిపూట గడియ బదులు బయట నుంచి చెవితో తెరిచే లాక్ పెట్టించండి. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడ్డ మనిషి దానికే అడ్డంగా ఉంటుంది, తీయడం కుదరదు, వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా మార్పించి, లోపలి గడియ తీయించెయ్యండి. ఇవన్నీ ఒక పూటలో అయ్యే పనులు, సెన్సర్లు ఆర్డర్ పెట్టిన రోజే వడ్రంగికి కూడా ఫోన్ చేసెయ్యండి.